నూనె తాగని కారు

మా చెల్లెలు పద్మ సముద్రం చూపిస్తానని పిలిచిందనీ, ఒమన్ వెళ్తున్నాననీ ఊళ్లో కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాను. కాకినాడవాడికి సముద్రం చూపించడానికి ఎవరైనా విమానం టిక్కెట్టు కొంటారా అని ఒక్కడూ అడగలేదు. అసలు సంగతి మస్కట్‌లో, దార్సైట్‌లోని వాళ్ల ఫ్లాటులో, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే బయటపడింది. నన్ను పిలిపించింది చుట్టంగా కాదు, సాక్షిగా.

పద్మ భర్త శ్రీధర్ అక్కడ ఒక రవాణా కంపెనీలో లెక్కలు చూస్తాడు. నేను అతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. అలాంటి బుద్ధిమంతుడికి నలభై దాటాక స్పోర్ట్స్ కారు మీద మనసు పడింది. కొత్తది కాదు. సలాలాలో ఒక స్నేహితుడి దగ్గరున్న రెండు తలుపుల పాత ఎర్ర కారు. పాత స్పోర్ట్స్ కారు కొనేవాడు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని పద్మ అడిగేసింది: "నూనె ఎంత తాగుతుంది?"

కార్లు తెలియని నాలాంటివాళ్ల కోసం చెబుతున్నాను. పెట్రోలు తాగడం కారుకి హక్కు. ఇంజన్ ఆయిల్ తాగడం మాత్రం దురలవాటు. కుర్రతనంలో అడ్డూ అదుపూ లేకుండా పరిగెత్తిన కార్లకి లోపలి భాగాలు అరిగిపోయి, ఆయిల్ కూడా పెట్రోలుతో కలిసి కాలిపోతుంటుంది. వెనకనుంచి నీలం పొగ వస్తుంది. చూసుకోకపోతే ఒకరోజు నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేస్తుంది. వీళ్లు ఇంతకుముందు కొన్న పాత కారు అలాగే, పిల్లకి జ్వరంగా ఉన్నప్పుడు, ఎండలో ఆగిపోయిందట. అప్పట్నించీ పద్మకి ఆయిల్ తాగే కార్లన్నా, వాటిని మెచ్చుకునే మగాళ్లన్నా పడదు.

అందుకని ఒప్పందం కుదిరింది. సలాలా నుంచి మస్కట్ సుమారు వెయ్యి కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడు ఆయిల్ కొలిచే పుల్ల మీద పైగీత దాకా నూనె ఉండాలి. ఇల్లు చేరేసరికి రెండు గీతల మధ్య సగానికి దిగకపోతే కారు కొనుక్కోవచ్చు. దిగితే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ప్రతి మజిలీలో పుల్ల తీసి నేను ఫోటో పంపాలి.

"మీ ఆయన మాట నమ్మవా?" అన్నాను.

"అన్నిట్లో నమ్ముతాను. కారు దగ్గర మాత్రం మగాడి మాట నమ్మను అన్నయ్యా."

"నేనూ మగాణ్ణేనే!"

"నీకు కార్లు తెలీవుగా. ఆ ధైర్యం."

సలాలా

వర్షాకాలం వెనకబట్టిన రోజులు. శ్రీధరూ నేనూ విమానం దిగేసరికి సన్నటి తుంపర. ఎడారి దేశానికని నేను తీసుకెళ్లిన మూడు టోపీలూ సిగ్గుపడి పెట్టె అడుక్కి దిగిపోయాయి. రోడ్డు పక్కన కొబ్బరితోటలు, అరటితోటలు, వాటి ముందు బొండాల కొట్లు! కోనసీమ ఎవరితోనో పోట్లాడి ఇక్కడికొచ్చి కాపురం పెట్టిందనుకున్నాను. బొండం సగం రియాలు. ఆ డబ్బుతో మా ఊళ్లో చెట్టెక్కినవాణ్ణి కూడా దింపుకోవచ్చు.

కారు సొంతదారు, ఆ స్నేహితుడు గంగారాం మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. జగిత్యాల వైపు పల్లెటూరు. షట్టరింగ్ పనికి వచ్చి, ఫోర్‌మన్ అయ్యాడు. శ్రీధర్ ఒమన్ వచ్చిన కొత్తలో ఇద్దరిదీ ఒకటే రూమ్. అప్పుడు శ్రీధర్‌కి కామెర్లొస్తే, డ్యూటీ చేసొచ్చి గంజి కాచి తాగించినవాడు గంగారాం. ఇవన్నీ శ్రీధర్ నాకు విమానంలో చెప్పాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. రెండు నెలల కింద గంగారాం భార్య లత ఊళ్లో జ్వరంతో పోయింది. ఇక్కడ కాగితాలు తెమిలి అతను ఇల్లు చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఇద్దరాడపిల్లలు పెద్దమ్మ దగ్గరున్నారు. అందుకే ఉద్యోగం వదిలేసి, లెక్క తేల్చుకుని, పూర్తిగా వెళ్లిపోతున్నాడు.

రూమ్‌లో అన్నం పెట్టాడు. ఎండుచేపల కూర, పచ్చిపులుసు. చారు మరిగించడం మరిచిపోయాడేమోనని నేను మర్యాదకి ఊరుకున్నాను.

"సార్, పచ్చిపులుసు అంటే పచ్చిగనే ఉంటది," అన్నాడు నా మొహం చూసి. "మీ దిక్కు అన్నిటిని ఉడకవెడ్తరు. మనుషులను గూడ."

నవ్వాడు. నవ్వు కళ్లదాకా వెళ్లకుండా మీసాల దగ్గరే ఆగిపోయింది.

కారు బయట తడుస్తోంది. ఎర్రగా, పొట్టిగా, దూకబోయే పిల్లిలా ఉంది. గంగారాం పుల్ల తీసి, తుడిచి, ముంచి, మళ్లీ తీశాడు. నూనె సరిగ్గా పైగీత మీద ఉంది. నేను కోటిపల్లి పుష్కరాల్లో కూడా తీయనంత శ్రద్ధగా ఫోటో తీసి పద్మకి పంపాను.

"తమ్మీ, రేటు సంగతి పక్కకు వెట్టు," అన్నాడు గంగారాం శ్రీధర్‌తో. "నువ్వెంతిచ్చినా సరే. తెల్వనోళ్లకు అమ్మితె పార్ట్లు పార్ట్లు జేసి అమ్ముకుంటరు. నువ్వైతె నడుపుతవు. నేను శుక్రారం శుక్రారం ఫోన్ జేస్త. జర స్టార్ట్ జేసి చప్పుడు ఇనిపియ్యి. గంతే."

"రోజూ వినిపిస్తానన్నా," అన్నాడు శ్రీధర్.

"చెల్లె ఒప్పుకుంటె గద."

ఇద్దరూ పుల్ల వైపు చూశారు. డాక్టరు చేతిలో రిపోర్టు వైపు చూసినట్టు.

తుమ్రైత్

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పరీక్ష గనక శ్రీధర్ నడిపాడు. పక్కన గంగారాం. నాకు వెనక సీటు అని ఒకటి చూపించారు. అది మనుషుల కోసం చేసింది కాదు, రెండు కొబ్బరికాయలు ఒబ్బిడిగా పెట్టుకోవడానికి చేసింది. దాన్లో ఇరుక్కున్నాక నా మోకాళ్లు చెవులకానాయి. ఒమన్‌లో సగం దేశం నేను నా మోకాళ్ల సందులోంచే చూశాను.

కొండ ఎక్కుతుంటే మంచు, గడ్డి, ఆవులు, రోడ్డు మధ్య జమీందార్లలా నిలబడ్డ ఒంటెలు. మనం హారన్ కొడితే అవి మనకేసి జాలిగా చూస్తాయి. ఒక మలుపు తిరిగామో లేదో, పచ్చదనం కత్తెరేసినట్టు తెగిపోయింది. అటువైపంతా రాళ్లు, ఇసుక, తెల్లటి ఎండ.

"ఈ సీట్ల నేను ఎన్నడు కూసోలె సార్," అన్నాడు గంగారాం హఠాత్తుగా.

"మరెవరు కూర్చునేవారు?"

"లత."

ఆవిడ ఒమన్ ఎప్పుడొచ్చిందా అని ఆలోచిస్తుండగా అతనే చెప్పాడు.

"వీడియో కాల్ల. శుక్రారం డ్యూటీ ఉండదు గద. ఫోన్ గీడ నిలవెట్టి, బెల్టు వెట్టి, సలాలా అంత తిప్పిన. వాన సూపెట్టిన, సముద్రం సూపెట్టిన. 'మెల్లగ నడుపు, నాకు కండ్లు తిరుగుతున్నయి' అనేది. ఊర్ల మంచం మీద కూసున్నదానికి కండ్లు తిరుగుడేందే అంటె, 'నేను నీ బండ్ల ఉన్న గద' అనేది."

శ్రీధర్ వేగం కొంచెం తగ్గించాడు.

తుమ్రైత్‌లో ఆగాం. ఇంజన్ చల్లారితే తప్ప నూనె సరిగ్గా కొలవడం కుదరదట. నేను ఒక మలయాళీ కొట్లో కూర్చుని, యాలకుల టీ, పరాటా మీద పడ్డాను. పరాటా పళ్లెం చుట్టూ కిందికి వేలాడింది. మా ఇంట్లో అయితే దాన్ని నలుగురికి పంచి, ఐదోవాడి దగ్గర క్షమాపణ అడిగేవాళ్లం. నేను దాంతో కుస్తీ పడుతుండగా శ్రీధర్ బిస్కట్లు కొనుక్కొస్తానని వెళ్లొచ్చాడు. అతను రాగానే గంగారాం కాళ్లు బారచాపుకొస్తానని వెళ్లొచ్చాడు. ప్రయాణాల్లో ఇలాంటివి ఎవరు పట్టించుకుంటారు?

పుల్ల తీస్తే నూనె పైగీతకి పైన, వేలెడు ఎత్తున ఉంది.

"శెబ్బాష్!" అన్నాడు గంగారాం, నేలకేసి చూస్తూ.

"అద్భుతం," అన్నాడు శ్రీధర్, ఆకాశంకేసి చూస్తూ.

ఫోటో పంపగానే పద్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, పుల్ల తలకిందులుగా పట్టుకున్నావా?"

"లేదే! ఇది చమురు దేశం కదా, కారు నేలలోంచి పీల్చుకుంటోందేమో."

"నువ్వు వేళాకోళాలాడకు. నిజంగా తగ్గలేదా?"

"తగ్గలేదమ్మా."

కాసేపు ఆగి, "పోనీలే పాపం, గంగారామన్నయ్యకి చెప్పు," అంది. చెప్పాను. అతను మొహం తుండుగుడ్డతో తుడుచుకున్నాడు, ఎండ అంటూ.

హైమా

తుమ్రైత్ దాటాక రోడ్డు వంకరన్నది లేకుండా ఉంటుంది. స్కేలు పెట్టి గీసినవాడు చెయ్యి నొప్పెట్టి కూడా ఆగలేదు. కిటికీలోంచి చూస్తే ఏమీ లేదు. గంట తర్వాత చూస్తే అదే ఏమీలేనిది మళ్లీ కనిపిస్తుంది.

సాయంత్రానికి హైమా చేరి ఒక చిన్న హోటల్లో దిగాం. వరండాలో తెల్లగడ్డం పెద్దాయన కూర్చునున్నాడు. మమ్మల్ని చూసి, మా తాతలనాటి నుంచీ ఎదురుచూస్తున్నట్టు లేచి, ఖర్జూరాలు పెట్టి, చిన్న గిన్నెలో కాఫీ పోశాడు. గిన్నె ఖాళీ కాగానే మళ్లీ పోశాడు. మళ్లీ. నాలుగోసారికి నాకు గుండె దడ మొదలైంది. చెయ్యి అడ్డం పెట్టాను, ఆయన నవ్వి వేళ్ల సందులోంచి పోయబోయాడు.

"గిన్నెను గిట్ల ఊపున్రి సార్," అని గంగారాం మణికట్టు కదిపి చూపించాడు. ఊపాను. పెద్దాయన వెంటనే కూజా దించేశాడు.

ఎంత గొప్ప ఏర్పాటు! మన వైపు విస్తరి మీద పడుకున్నా ఇంకో గరిటె వడ్డిస్తారు. చాలన్నమాటకి మన దేశంలో ఇంతవరకూ సైగ కనిపెట్టలేదు.

పొద్దున్న లేచేసరికి శ్రీధర్ స్నానం చేసి తయారుగా ఉన్నాడు. గంగారాం కూడా. ఇద్దరి చేతులూ సబ్బు వాసన వేస్తున్నాయి. పుల్ల తీస్తే దాదాపు పిడి దాకా నూనె.

నాకు కార్లు తెలియవు. తెలిసిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, "మంచి ఇంజన్," "మస్తు ఇంజన్," అనుకున్నారు. నేను ఫోటో పంపాను. పద్మ ఈసారి పరిహాసమాడలేదు. 'బండి రంగు బావుందా?' అని రాసింది.

అదం దారిలో

హైమా దాటి చాలా దూరం బాగానే నడిచింది. తర్వాత ఒక వాసన. ఎక్కడో ఎవరో గారెలు మాడ్చేస్తున్నారనుకున్నాను. వెనక్కి తిరిగి చూద్దును కదా, రోడ్డు లేదు. పొగ. నీలంగా, తెల్లగా, ఒక రైలింజను మమ్మల్ని తరుముకొస్తున్నట్టు. మా వెనక లారీవాడు దీపాలు వేసి, హారన్ కొట్టి, చివరికి దేవుణ్ణి తలుచుకుంటూ పక్కనుంచి దాటిపోయాడు.

"ఆపు తమ్మీ! ఆపు!"

శ్రీధర్ ఆపేలోపే లోపల ఏదో విరిగిన చప్పుడైంది. తర్వాత నిశ్శబ్దం. అలాంటి నిశ్శబ్దం ఎడారిలో కూడా ఉండదు. గంగారాం పక్క సీట్లోంచి వంగి తాళం తిప్పాడు. చిన్న టిక్కు. మళ్లీ తిప్పాడు. టిక్కు. మూడోసారి తిప్పబోయి, చెయ్యి తాళం మీదే ఉంచేసి కూర్చుండిపోయాడు.

ఒక ఒమనీ యువకుడు తన పికప్ ఆపి, మమ్మల్ని అడగకుండానే తాడు కట్టి, అదం ఊరి చివర ఒక గ్యారేజీ దాకా లాక్కెళ్లాడు. డబ్బివ్వబోతే కోపంగా చూసి వెళ్లిపోయాడు.

గ్యారేజీ పంజాబీ మేస్త్రి కింద బొక్కెన పెట్టి నట్టు విప్పాడు. నూనె బుసబుసా నురగతో దిగింది. బొక్కెన నిండింది. ఇంకో బొక్కెన తెమ్మన్నాడు. అదీ నిండడానికొచ్చింది.

"ఇత్నా తేల్ కిస్‌నే డాలా?" అన్నాడు, ఇంత నూనె ఎవడు పోశాడని.

ఎక్కువైన నూనె లోపల చిలికి మజ్జిగ నురగైపోయిందనీ, నురగ ఇనుపముక్కల్ని కాపాడలేదనీ, అవి ఒకదాన్నొకటి కొరుక్కుని పట్టేశాయనీ అతను చెప్పాడు. బాగుచేసే ఖర్చుతో ఇలాంటివి ఇంకో రెండు కొనుక్కోవచ్చునట.

శ్రీధర్ నన్ను చెయ్యి పట్టుకుని నీళ్లట్యాంకు వెనక్కి తీసుకెళ్లాడు.

"నేనే బావా. తుమ్రైత్‌లో ఒక డబ్బా, పొద్దున్న ఒక డబ్బా. పుల్ల తీసి చూసే ధైర్యం లేక, చూడకుండానే పోసేశాను. నూనె తగ్గిందని చెప్పి, నీ కారు నాకొద్దని ఆ మనిషితో ఎలా అనగలను? అన్నకి చెప్పకు. పద్మ మీద ఒట్టు."

ఒట్టు వేశాను. ఇవతలికి రాగానే బల్ల మీద కూర్చున్న గంగారాం పక్కకి జరిగాడు. కూర్చున్నాను.

"సార్, మీకు దండం వెడ్త, తమ్మికి చెప్పకున్రి. నేనే పోసిన. తుమ్రైత్‌ల ఒకటి, పొద్దుగాల హైమాల ఒకటి. పాత బండి, తాగుతదేమో అనుకున్న. తక్కువైతె చెల్లె వద్దంటది. ఎక్కువైతె ఏమైతది, బలమే గద అనుకున్న."

అతనికీ ఒట్టు వేశాను. రెండూ రెండూ నాలుగు. నేను బొక్కెనల వైపు చూశాను. పొగగా పోయింది పోను, ఒలికింది పోను, పోసిందంతా దాదాపు అక్కడే ఉంది. ఆ కారు దారంతా తాగింది ఉగ్గుగిన్నెడు ఉంటుందేమో. అసలేమీ తాగలేదేమో. ఇద్దరూ చేతులు కట్టుకుని ఊరుకుంటే పాపం అది పరీక్ష నెగ్గి ఉండేది. మాకు వడ్డించడం తెలుసు. దానికి గిన్నె ఊపడం తెలియలేదు.

మేస్త్రి పాత సామాన్ల కిందికి తీసుకుంటానన్నాడు. శ్రీధర్ ఒప్పుకోలేదు. "ఇలాగే తీసుకెళ్తాను. నా గుమ్మం ముందే ఉంచుకుంటాను."

"వద్దు తమ్మీ. పానం పోయినదాన్ని ఇంటికి తీస్కపోవద్దు."

గంగారాం లేచి, మేస్త్రిని నీళ్లపైపు అడిగాడు. చొక్కా విప్పి బల్ల మీద పెట్టాడు. కారు పైనుంచి కిందికి నీళ్లు పోశాడు. అద్దాలు, తలుపులు, చక్రాల సందులు, వెనకంతా పట్టిన నల్లటి మసి, అన్నీ చేత్తో రుద్ది రుద్ది కడిగాడు. శ్రీధర్ సాయం పట్టబోతే మోచేత్తో పక్కకి నెట్టాడు.

"మురికితోటి పంపద్దు," అన్నాడు. "నేనే జెయ్యాలె."

మేస్త్రి కూడా బీడీ పారేసి నిలబడ్డాడు. నాకు ఒక్క హాస్యం తట్టలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడూ తట్టడం లేదు.

మస్కట్

కారుని మేస్త్రికే వదిలేసి, అదం నుంచి టాక్సీలో దార్సైట్ చేరాం. పద్మ కింద నిలబడి ఉంది. నీడలో ఉండే ఒకే ఒక్క పార్కింగ్ జాగా కోసం పక్కింటి తమిళాయనతో పొద్దున్నే పోట్లాడి గెలిచిందట. ఆ ఖాళీ జాగాలోనే టాక్సీ ఆగింది. దిగిన ముగ్గురినీ చూసి, ఏమైందని కూడా అడగలేదు. "అన్నం వేడిగా ఉంది, రండి," అంది. గంగారాం రెండుసార్లు వద్దన్నా మూడోసారి వడ్డించింది. అతను తిన్నాడు.

విమానం ఎక్కేదాకా ఉన్న రెండు రోజులూ శ్రీధర్, గంగారాం ఒకరితో ఒకరు ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు. ఉప్పు అందించమంటే ఇద్దరూ ఒకేసారి లేచేవాళ్లు. ఒకే ఇంట్లో ఇద్దరు హంతకులు, చంపింది మాత్రం ఒకే కారు. ప్రతివాడూ తానొక్కడే అనుకుంటున్నాడు. మధ్యలో రెండు ఒట్లు మోస్తూ నేను.

నాకూ గంగారాంకీ హైదరాబాద్‌కి ఒకే విమానం. శ్రీధర్ ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చి, గంగారాంని కౌగిలించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

సామాను తూచే లైనులో నిలబడ్డాం. ముందంతా మనవాళ్లే. దుప్పట్లు, టీవీ పెట్టెలు, నీలం టేపు చుట్టిన అట్టపెట్టెలు. ఎవరో కడప మాటల్లో ఎవరినో ముద్దుగా తిడుతున్నారు. గంగారాం చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు.

"తమ్మి మొఖం సూడలేకపోయిన సార్," అన్నాడు. "ఒక్కటే అడిగిన. చప్పుడు ఇనిపియ్యి అన్న. ఆ ఒక్కటి గూడ నేనే సంపుకున్న."

మా వంశంలో ఒట్టు తప్పినవాడు లేడని చెప్పుకుంటాం. ఉన్నారు. వాళ్ల పేర్లు చెప్పుకోం, అంతే. ఇప్పుడు నాది కూడా చెప్పుకోరు.

"గంగారాం, శ్రీధర్ కూడా పోశాడు," అన్నాను.

అతనికి ముందు అర్థం కాలేదు.

"నూనె. నువ్వు పోసినచోటే. తుమ్రైత్‌లో ఒకటి, హైమాలో ఒకటి. నీకు తెలియకుండా."

"తమ్మినా? దొంగతనంగ?"

"నీలాగే."

అతను సంచి కింద పెట్టాడు. మెడ మీది తుండుగుడ్డ తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు.

"ఎందుకు పోసిండు సార్? కొందామనేనా?"

"కొందామనే. నూనె తగ్గినా, పెరిగినా, కొందామనే."

లైను కదిలింది. గంగారాం కదల్లేదు. అతని మొహంలో ఏదో విప్పుకుంటోంది. ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

"గట్లయితె," అన్నాడు, నాతో కాదు, ఎదురుగా ఎవరో ఉన్నట్టు, "నా బండి అమ్ముడువోయినట్టే."

మా వెనకవాళ్లని ముందుకి వెళ్లమని నేను దారి ఇచ్చాను.